కరుణా పఠన సంఘం: అధ్యక్షుడి వాంగ్మూలం

రిటైరైన మగాడికి మా ఊళ్లో మూడు దారులున్నాయి. గుడి కమిటీలో దూరడం, పొద్దున్నే వాకింగుకు పోయి నడిచిన దానికన్నా ఎక్కువ మాట్లాడి రావడం, లేదంటే ఇంట్లో కూర్చుని ఆడవాళ్లకు వంట నేర్పడం. మొదటిదానికి నాకు పలుకుబడి చాలదు. రెండోదానికి మోకాళ్లు చాలవు. మూడోది కొన్నాళ్లు నడిపాను. గోంగూర ఎంతసేపు మగ్గాలో వంటింటి గడపలో కుర్చీ వేసుకుని ఉపన్యసిస్తుంటే, మా ఆవిడ గరిటె నా చేతిలో పెట్టి, "ఇంత తెలిసినాయన ఉండగా మధ్యలో నేనెందుకండీ" అని టీవీ ముందుకు పోయి కూర్చుంది. ఆ మధ్యాహ్నం మేమిద్దరం తిన్న పదార్థానికి ఇంకా పేరు పెట్టలేదు. ఆ సాయంత్రమే నాకు సమస్త ప్రాణికోటి మీదా కరుణ పుట్టుకొచ్చింది.

కరుణకూ నాకూ అంతకుముందు పరిచయం లేదు. ముప్పై ఏళ్ల పైచిలుకు ప్రభుత్వ లెక్కల గుమాస్తాగా బతికినవాణ్ణి. ఏ ఊరో, ఏ ఆఫీసో అనవసరం. బిల్లు నా బల్ల మీదికి వచ్చిందంటే ఎర్రసిరా తగలకుండా పోయేది కాదు. వోచరు మీద సంతకముంటే తేదీ లేదనీ, తేదీ ఉంటే రెవెన్యూ స్టాంపు లేదనీ, రెండూ ఉంటే నకలు జతపరచలేదనీ వెనక్కి కొట్టేవాణ్ణి. నా బల్ల ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లకూ ఒక ఫారం ఇచ్చి నింపుకు రమ్మన్నాను. అలాంటివాణ్ణి, కరుణతో బతకడమెలాగో నలుగురం కలిసి చదువుకునే సంఘం పెడుతున్నానంటే మా ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ఎంతవుద్ది?" అని మాత్రం అడిగింది.

దమ్మిడీ ఖర్చు లేదన్నాను. పుస్తకం ఇంట్లోనే ఉంది. మెల్‌బోర్న్‌లో ఉండే మా వాడు విమానంలో చదువుదామని కొనుక్కుని, దారంతా సినిమాలు చూసుకుంటూ వచ్చి, తిరిగి పోయేటప్పుడు పెట్టె బరువు మించితే వదిలేసి పోయిన పుస్తకం. వాళ్లమ్మ పెట్టిన ఆవకాయ విమానమెక్కింది, కరుణ పొదిలిలో దిగిపోయింది. దాని పేరు 'ట్వెల్వ్ స్టెప్స్ టు ఎ కంపాషనేట్ లైఫ్'. రాసినావిడ కరెన్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఇంగ్లండు మనిషి. పడుచువయసులో ఏడేళ్లు క్రైస్తవ సన్యాసినిగా మఠంలో ఉండి, అక్కడ ఇమడలేక బయటికొచ్చి, ప్రపంచ మతాల చరిత్రలు రాసి పేరు తెచ్చుకుంది. 2008లో టెడ్ సంస్థ ఆమెకు బహుమతిచ్చి ఏదన్నా కోరిక కోరుకోమంటే, ఇల్లూ వాకిలీ అడక్కుండా, అన్ని మతాలవాళ్లూ ఒప్పుకునే కరుణా ప్రకటన ఒకటి కావాలంది. అది 2009 నవంబరులో వెలువడింది. ఆ వెనకే, 2010లో, ఈ పన్నెండు మెట్ల పుస్తకం. ఒంటరిగా చదివి పక్కన పడెయ్యకుండా నలుగురూ కూడి చదువుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కమని అందులోనే ఉంది. నాకు కావలసిందీ అదే. నలుగురు కూడితే ఒక అధ్యక్షుడు కావాలి గదా.

పొదిలి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒంగోలు నుంచి పడమటికి బస్సెక్కితే పొగాకు బ్యారన్లు, కందిచేలు, మిరప కళ్లాలు దాటుకుంటూ మా ఊరొస్తుంది. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా మేం నెల్లూరు జిల్లావాళ్లం. భూమిలో నీళ్లకన్నా ఫ్లోరైడు ముందు తగులుతుంది. ఊళ్లో ఏ విషయం మీద నలుగురు కూర్చున్నా మాట చివరికి రెండింటి దగ్గరికే చేరుతుంది: 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీళ్లు, 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి రైలు. వాటిని దాటి కరుణ దాకా మాట నడిపించడం సామాన్యుడి వల్ల కాదని నా నమ్మకం. అందుకే అధ్యక్ష పదవికి పోటీ లేకుండా ఎన్నికయ్యాను. ఎన్నుకున్నదీ నేనే.

తొలి సమావేశం కోసం ఒక ఉపన్యాసం కూడా తయారుచేసుకున్నాను. కలిసి చదవడం మన తెలుగువాళ్లకు కొత్త కాదని అందులో ఉంది. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం, 1929లో గాంధీగారొచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేయడం, ఆ రోజు జనం తొక్కిడిలో విరిగిన ఆయన చేతికర్రను అక్కడ ఇప్పటికీ దాచి ఉంచడం, 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలవలో పడవ మీద గ్రంథాలయం నడపడం, అన్నీ వరసగా ఉన్నాయి. అదే 1935లో అమెరికాలో తాగుడు మానాలనుకున్న వాళ్లు కూడి సంఘం పెట్టుకున్నారనీ, వాళ్ల పన్నెండు మెట్ల పద్ధతి చూసే ఆర్మ్‌స్ట్రాంగ్ తన మెట్లు కట్టిందనీ ముక్తాయింపు. మా ఊళ్లో పడవ గ్రంథాలయం కుదరదని కూడా ఒప్పుకున్నాను. ఎండాకాలం పొదిలిలో నీళ్లున్న వాహనం ట్యాంకరొక్కటే. ఆ ఉపన్యాసం ఇప్పటికీ నా దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. చెప్పే వీలు చిక్కలేదు.

ఎందుకు చిక్కలేదంటే, కరపత్రం. "కరుణతో జీవించడానికి పన్నెండు మెట్లు, ఆదివారం సాయంత్రం నాలుగింటికి, అందరూ ఆహ్వానితులే" అని అచ్చేయించి పాల పాకెట్లతో పాటు పంచిపెట్టించాను. ఆదివారం నాడు ముందుగా వచ్చినవాళ్లు పసుపు, కుంకుమ, కర్పూరం పట్టుకొచ్చిన పది మంది ఆడవాళ్లు. మెట్ల పూజ ఏ కొండ మీదని అడిగారు. కొండ లేదు, పుస్తకమేనని చెబితే నన్ను చూసిన చూపులో కరుణ అనేది మచ్చుకైనా లేదు. వాళ్ల వెనకే వీధి చివరి అమ్మాయి మొగుణ్ణి రెక్క పుచ్చుకుని లాక్కొచ్చింది. "పెదనాన్నా, పన్నెండు మెట్లలో మందు మాన్పిస్తారంట గదా. ఇదిగో మీ అల్లుడు" అని అప్పజెప్పి పోయింది. పాపం ఆయన ఒక మూల కూర్చుని, "పన్నెండో మెట్టు దాకా ఆగాలా మావా, మధ్యలో ఎక్కడన్నా దిగొచ్చా?" అని మెల్లిగా అడిగాడు.

అసలు సభ్యులుగా మిగిలినవాళ్లలో రిటైర్డ్ లెక్కల మాస్టారొకరు, పొగాకు పండించే మా బావ వరసాయన ఒకరు, షుగరు ఉండీ షుగరు వైద్యం చేసే ఆర్‌ఎంపీ డాక్టరొకరు, చీరల కొట్టాయన ఒకరు. బావ కూర్చోగానే ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగింది. వేటపాలెంలో చేతికర్ర ఉన్నట్టే మనకూ ఒక చారిత్రక వస్తువు ఏర్పడిందని నేనంటే ఎవరికీ అర్థం కాలేదు. ఉపన్యాసం వినుంటే అర్థమయ్యేది.

మొదటి మెట్టు కరుణ గురించి తెలుసుకోవడం. అది ఒక్క సాయంత్రంలో తెలిసిపోయింది. రెండో మెట్టు మన చుట్టూ ఉన్న లోకాన్ని చూడటం. మా వరండాలో కూర్చుంటే అదే కనబడుతుంది. మూడో మెట్టు దగ్గర సంఘం చతికిలబడింది. మన మీద మనం కరుణ చూపించుకోవడం అనేది ఆ మెట్టు. తనను తాను ద్వేషించుకునేవాడు ఇంకొకణ్ణి ప్రేమించలేడు గనక, నీలోని లోపాలను శత్రువును చూసినట్టు కాకుండా చూసుకొమ్మని ఆమె ఉద్దేశం. సభ్యులు దాన్ని సెలవు మంజూరుగా తీసుకున్నారు. డాక్టరు తన మీద కరుణతో నాలుగో బజ్జీ అందుకున్నాడు. చీరల కొట్టాయన తన మీద కరుణతో పాత బాకీలు తీర్చడం వాయిదా వేశాడు. బావ తన మీద కరుణతో అక్కడే కునుకు తీశాడు. వారాలు గడిచినా నాలుగో మెట్టు ఎక్కుదామన్నవాడు లేడు. ఈ మెట్టులో ఇంకా లోతుకు పోవాలని ఏకగ్రీవ తీర్మానం చేశాం.

ఆ లోతు ఖరీదు వంటింట్లో ఒక నోటుబుక్కులో నమోదవుతోందని నాకప్పటికి తెలియదు. పాల పాకెట్లు, చక్కెర, శనగపిండి, నూనె. కింద ఒక గీత. గీత కింద, "మిరపకోతలకు పోయిన పనిమనిషి ఇంకా రాలేదు. గ్లాసులు నేనే" అని.

ఎనిమిదో మెట్టు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలన్నది. మధ్య మెట్లు వదిలేసి దాని మీదికి దూకడం నా నిర్ణయం. ఆ సాయంత్రం సభ్యుల్లోని రెండు రాజకీయ పార్టీల వాళ్లూ మృదువుగా మాట్లాడుకోవడం గురించి ఎంత గట్టిగా అరుచుకున్నారంటే, పక్కింటివాళ్లు గేటు దగ్గరికొచ్చి ఎవరికైనా బాగాలేదా అని విచారించారు.

అప్పుడు లెక్కల మాస్టారు ఒక దారి చూపించాడు. "అధ్యక్షా, ఇంగ్లీషావిడను కాసేపు పక్కన పెట్టు. కరుణ కావాలంటే మన ఎర్రన దగ్గర లేదా?" అన్నాడు. ఎర్రన మా వైపు కవి. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్నాడు. నన్నయ సగంలో వదిలేసిన అరణ్యపర్వాన్ని పూర్తిచేసింది ఆయనే. ఆ పూర్తిచేసిన భాగంలోనే ధర్మవ్యాధుడి కథ ఉంది. కథ మీకు తెలిసిందే. కౌశికుడనే బ్రాహ్మడు చెట్టు కింద వేదం చదువుకుంటుంటే పైనుంచి కొంగ రెట్ట వేసింది. ఆయన కోపంగా చూశాడు, అది చచ్చిపడింది. తర్వాత భిక్షకు పోతే ఒక ఇల్లాలు ఆగమని లోపలికి వెళ్లి, అప్పుడే ఇంటికొచ్చిన మొగుడికి అన్నం పెట్టడంలో పడి ఆలస్యం చేసింది. ఈయన కళ్లెర్రజేస్తే, నీ చూపుకు చావడానికి నేను కొంగను కానంది. అడవిలో జరిగింది ఈవిడకెలా తెలిసిందని ఆయన నివ్వెరపోయాడు.

సరిగ్గా అక్కడికి వచ్చేసరికి గొంతెండిపోయి, నేను పుస్తకంలోంచి తలెత్తకుండానే "టీ ఏదీ?" అని కేకేశాను. లోపల్నుంచి జవాబొచ్చింది. "వస్తంది. నేనేం కొంగను కాదు."

సంఘం పుట్టిన దగ్గర్నుంచీ సభ్యులంతా ఒక్కసారిగా మేలుకున్నది ఆ క్షణంలోనే. మా ఆవిడ టీ గ్లాసులు తెచ్చి పెట్టి, మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ ఇల్లాలు ఆయన్ని ఎవరి దగ్గరికి పొమ్మంది?" అని అడిగింది. మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికన్నాను. "మరి మీరు మాంసం కొట్టాయన్ని పిలవకుండా చీరల కొట్టాయన్ని పిలిచారేంది?" అంది. చీరల కొట్టాయన ఆ రోజునుంచీ ఆమె ఎదుట కూర్చోవడం మానేశాడు.

తర్వాతి ఆదివారానికి మటన్ కొట్టు తమ్ముడు వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నానికల్లా సరుకు అయిపోద్ది గనక నాలుగింటికి ఖాళీయేనన్నాడు. తెల్లవారుజామున మూడింటికి లేచే మనిషి. కథంతా కళ్లు మూసుకుని విన్నాడు. వ్యాధుడి కొట్టు దగ్గర కౌశికుడు నిలబడటం, ఆయన ఇంటికి తీసుకుపోయి ముసలి తల్లిదండ్రుల్ని చూపించడం, నీ అమ్మానాన్నలను వదిలేసి చదువుకొచ్చావు, ముందు పోయి వాళ్లను చూసుకోమని చెప్పడం, అన్నీ ముగించి నేను గంభీరంగా అద్దాలు తీశాను. అతను కళ్లు తెరిచాడు. "అన్నా, అంత దూరం నుంచి వచ్చాడు గదా, ఆ సామి మాంసమేమన్నా కొన్నాడా?"

"ఛ, ఉపదేశం వినడానికి వచ్చాడు."

"బేరం చెయ్యకుండా అంతసేపు కొట్టు ముందు నిలబడితే రావాల్సిన గిరాకీ వెనక్కి పోదా? ఆ యాపారం నష్టం ఎవరు కట్టిచ్చారు?"

నా చదువంతట్లో ఎవరూ వెయ్యని ఆడిట్ అబ్జెక్షన్ అది. ఉపదేశం వినేవాడి సంగతే చూసుకుంటూ వచ్చాను తప్ప, చెప్పేవాడి పని గంటలు ఏ పద్దు కింద రాయాలో నాకెన్నడూ తట్టలేదు. మా ఆవిడ మాత్రం వంటింట్లోకి పోయి నోటుబుక్కు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. ఏమీ అనలేదు. గీత కింద మొత్తం ఉంది.

ఆ మొత్తం నుంచి సభ్యుల దృష్టి మళ్లించడానికే నేను చందవరం ప్రయాణం ప్రతిపాదించాను. మన నేల మీద కరుణను పాఠంగా చెప్పినవాళ్లు బౌద్ధులు గదా, దొనకొండ మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున, సింగరకొండ మీద వాళ్ల మహాస్తూపమే ఉంది, 1970ల్లో తవ్వి తీశారు, పోయి చూసొద్దామన్నాను. మ్యాజిక్ ఆటో మాట్లాడుకుని, పులిహోర కట్టించుకుని బయల్దేరాం. స్తూపం చుట్టూ తిరిగాక మాస్టారు అక్కడి దొంగతనాల సంగతి చెప్పాడు. బుద్ధుణ్ణి కొలిచేవాళ్లను చెక్కిన సున్నపురాయి పలక ఒకటి ఇక్కణ్ణుంచి మాయమై, దేశాలు దాటి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ కొనుక్కునేదాకా పోయింది. దొంగసొత్తని తేలాక 2016లో వాళ్లు దాన్ని మన దేశానికి తిరిగి ఇచ్చేశారు.

శత్రువును ప్రేమించడం అనే పన్నెండో మెట్టుకు ఇంతకన్నా మంచి చోటు దొరకదని, "ఆ దొంగల మీద మనం కరుణ చూపగలమా?" అని చర్చ లేవదీశాను. బావ కుదరదన్నాడు. డాక్టరు దొంగకూ పిల్లలుంటారన్నాడు. మా ఆవిడ పులిహోర పొట్లాలు విప్పుతూ, "ఆ పలక మీదవాళ్లు నయం. ఆస్ట్రేలియా పోయినా పదకొండేళ్లకు తిరిగొచ్చారు" అంది.

మెల్‌బోర్న్ సంగతి అందరికీ తెలుసు గనక చర్చ అక్కడితో ఆగింది. పులిహోర బాగుందని మాత్రం అందరూ అన్నారు.

తిరుగు ప్రయాణంలో మాస్టారు నాగార్జునుణ్ణి ఎత్తుకున్నాడు. కృష్ణ ఒడ్డు ఆచార్యుడు. శాతవాహన రాజుకు ఉపదేశంగా ఆయన రాసిన రత్నావళి అనే గ్రంథం ఉంది. సంస్కృతంలో కొంత భాగమే మిగిలినా టిబెటన్, చైనా అనువాదాల్లో పూర్తిగా దొరుకుతుంది. శూన్యవాదం చెప్పిన మనిషి గదా, కరుణ గురించి మేఘాల్లోంచి మాట్లాడతాడని నేననుకున్నాను. ఆయన రాజుకు ఏకంగా ఇండెంటు రాశాడు! ఖైదీలకు మంగలి, స్నానం, తిండి, నీళ్లు, మందులు, బట్టలు ఏర్పాటు చెయ్యమన్నాడు. నీళ్లు దొరకని దారుల్లో పందిళ్లు వేసి నీటి తొట్లు పెట్టించమన్నాడు. బాటసారుల విడిదిళ్లలో చెప్పులు, గొడుగులు, నీళ్లు వడకట్టే గుడ్డలు, ముళ్లు తీసే పట్టకార్లు, సూదులు, దారం, విసనకర్రలు ఉంచమన్నాడు. చివరికి చీమల పుట్టల దగ్గర నమ్మకమైన మనుషుల చేత చక్కెర, ధాన్యం పోయించమన్నాడు.

ఇంటికొచ్చాక ఈ చీమల సంగతి మళ్లీ ఉత్సాహంగా ఎత్తేసరికి మా ఆవిడ వంటింటి గట్టు మీద చీమల చాక్‌పీసుతో గీత గీస్తోంది. "చూశావా, చీమలకు చక్కెర పొయ్యమని రాజుకు రాశాడు ఆయన" అన్నాను.

"రాజుకు రాశాడు. రాణికి రాయలేదు గదా. చక్కెర డబ్బా ఆమె దగ్గరుంటది" అని గీత పూర్తిచేసింది.

కానీ ఆ జాబితా నన్ను పట్టుకుంది. నేను ఇన్నాళ్లూ కరుణ అంటే గుండె కరగడమనుకుని, నాది కరగట్లేదే అని లోలోపల బెంగపడుతున్నవాణ్ణి. ఇక్కడ చూస్తే సూది, దారం, కుండ. గుండె ప్రస్తావన లేకుండా సరుకుల పట్టీ! ఇది నా రంగం. ఇండెంటు రాయడం నాకు రాని పని కాదు. ఎండలు ముదురుతున్నాయి. పొగాకు వేలం కేంద్రానికి పోయే దారిలో చలివేంద్రం పెడదామని ప్రతిపాదించి, ఆరో మెట్టు, అంటే ఏదైనా పని చెయ్యడం, మేం ఇన్నాళ్లూ చల్లగా తప్పుకుని తిరిగిన మెట్టు, ఎక్కక తప్పదని ప్రకటించాను. ఆ రాత్రే చక్కటి దస్తూరీతో ఇండెంటు తయారుచేశాను. కుండలు, ఇసుక, తడిగుడ్డలు, గ్లాసులు, గ్లాసులకు గొలుసులు, ఫ్లెక్సీ. పొద్దున్నే మా ఆవిడ బల్ల మీద పెట్టాను. సంఘానికి డబ్బు అక్కణ్ణుంచే రావాలి.

సాయంత్రానికి ఇండెంటు తిరిగొచ్చింది. ఎర్ర బాల్‌పెన్నుతో. "కుండ ఎవరు నింపాలో రాయలేదు. మూతల సంగతి లేదు. గ్లాసులు కడిగేవారు అన్న చోట సభ్యులు అని ఉంది, పేరు కావాలి. క్యాన్ నీళ్లు ఎన్నింటికి వస్తాయి, ఆ టైముకు అక్కడ ఎవరుంటారు? సూది, దారం ఆయన రాసినా మీరు వదిలేశారు. పట్టకారు అక్కర్లేదు, పిన్నీసులు చాలు. సరిచేసి మళ్లీ పెట్టవలెను." కింద తేదీ, సంతకం. స్టాంపు ఒక్కటే తక్కువ.

నేను ఆమె బల్ల ముందు నిలబడి బతిమాలాను. ఫారం చేతికిచ్చింది.

మళ్లీ రాశాను. మళ్లీ తిప్పికొట్టింది. ప్రతి కుండ ఎదుటా ఒక పేరు, ఒక గంట వచ్చేదాకా ఆమె పైసా విదల్చలేదు. అప్పుడు నాకర్థమైనదేమిటంటే, పన్నెండు మెట్లలో దేనికీ లేని కాలమ్ ఒకటుంది. 'ఎవరు' అన్న కాలమ్. "అందరం చూసుకుందాం" అని సభ్యులు ఆవేశంగా అన్నప్పుడల్లా ఆ కాలమ్ ఖాళీగానే ఉంది. మా ఇంటి టీ గ్లాసుల్లాగే అది కూడా ఎవరో ఒకరు కడుగుతారనే ధీమా మాది. ఆ ఎవరో ఒకరు ఇప్పుడు మంజూరు అధికారి.

ఫ్లెక్సీ దగ్గర పేచీ వచ్చింది. మధ్యలో నా ఫొటో, చుట్టూ చేతులు జోడించిన సభ్యులు, పైన ఆర్మ్‌స్ట్రాంగ్, నాగార్జునుడు, ఎర్రన. నాగార్జునుడి ఫొటో కోసం ఫోన్లో వెతికిన ఫ్లెక్సీ కుర్రాడు అక్కినేని ఆయన్ని పెట్టేశాడు. సరిచేయించేసరికి ఫ్లెక్సీ ఖర్చు కుండల ఖర్చును మించింది. మా ఆవిడ వచ్చి చూసి, ఫ్లెక్సీ బాగా మందంగా ఉందని మెచ్చుకుంది. అయితే బోర్డుగా కట్టనివ్వలేదు. పందిరి మీద కప్పించింది. మా మొహాలు ఆకాశం వైపు ఉన్నాయి. ఇప్పుడు మేం చేతులు జోడిస్తున్నది కాకులకు. బోర్డు మీద 'నీళ్లు' అన్న ఒక్క మాటే మటన్ కొట్టు తమ్ముడు సుద్దతో రాశాడు.

చలివేంద్రం నడుస్తోంది. పొద్దుటి డ్యూటీ బావది. వేలంలో బేళ్లకు నో బిడ్ పడి తిరిగొచ్చే రైతులు అతని దగ్గరే ఆగుతారు. "నో బిడ్ అయితే మూడు గ్లాసులు, రేటు పడితే ఒకటి" అని అతని లెక్క. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా వీధి చివరి అల్లుడిది. తనే కోరి తీసుకున్నాడు. కాళ్లు బ్రాందీ షాపు వైపు లాగేది ఆ వేళకేనట. మొత్తం పుస్తకం చదివినవాడు సంఘంలో అతనొక్కడే. ఎన్నో మెట్టు మీద ఉన్నావని అడిగితే కుండలు చూపిస్తాడు. మిట్టమధ్యాహ్నం డ్యూటీ అధ్యక్షుడిది. అది మంజూరు అధికారి వేసిన షరతు.

కుండలకన్నా ఎక్కువ పేరొచ్చింది పిన్నీసుల డబ్బాకు. మిరపకోతల నుంచి వచ్చే ఆడవాళ్లలో రోజూ ఎవరిదో ఒకరిది హవాయి చెప్పు పట్టీ ఊడి ఉంటుంది. అడుగున పిన్నీసు గుచ్చితే ఇల్లు చేరేదాకా ఆగుతుంది. మేకలాయన సర్కారు తుమ్మ ముల్లు తీసుకోవడానికి వస్తాడు. కాలుతున్న తారురోడ్డు మీద పిన్నీసు విలువేమిటో చూశాక, నాగార్జునుడు దాదాపు 1,800 ఏళ్ల కిందట రాజుకు రాసిన ఉత్తరంలో చెప్పులు, సూదులు, దారం ఎందుకు పెట్టాడో నాకు మధ్యాహ్నం డ్యూటీలోనే తెలిసింది. అంతకుముందు ఆ పట్టీ చదివినప్పుడు నేను ఫ్లెక్సీ దగ్గరే ఆగిపోయినవాణ్ణి.

చదవడం మానలేదు. పుస్తకం ఇప్పుడు పందిరి కిందే ఉంటుంది. ఎవరి డ్యూటీలో వాళ్లు చదువుకోవాలి, ఇంట్లో సమావేశాలు రద్దు, టీ రద్దు. నెలకొకసారి లెక్కలు చూపించడానికి మాత్రం అందరం మా ఆవిడ ముందు కూడతాం. స్టీలు గ్లాసులను గొలుసులతో కట్టినా ఎవరో గొలుసులతో సహా పట్టుకుపోయారు. పుస్తకానికి ఏ గొలుసూ లేదు. ఇంతవరకూ దాన్ని ఎవరూ ముట్టలేదు.

కాబట్టి ఒంగోలు, మార్కాపురం వైపు పోతూ పొదిలిలో ఆగే పాఠకులకు అధ్యక్షుడి మనవి. మధ్యాహ్నం వేళ వేలం కేంద్రం దారిలో రండి. నీళ్లు అడక్కుండానే ఇస్తాం. పిన్నీసు అడిగితే ఇస్తాం. వేటపాలెం చేతికర్ర నుంచి కొల్లిపర పడవ దాకా ఒక ఉపన్యాసం కూడా సిద్ధంగా ఉంది, అది మాత్రం గట్టిగా అడిగితేనే ఇవ్వాలని నాకు ఉత్తర్వులున్నాయి. దయచేసి అడగండి.